టెట్ సైకాలజీ వీడియో కోర్సు: మార్కులొచ్చాయి, ఎరిక్‌సన్ మాత్రం సగమే వచ్చాడు

నేను కొన్న కోర్సు పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకరిని బజారుకీడ్చాలని కాదు, పైగా టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) సైకాలజీ కోర్సులు దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటున్నాయి, కాబట్టి మీరు ఏది కొన్నా ఇందులో సగం మాటలు పనికొస్తాయి. నేను కొన్నది ఫోన్ యాప్‌లో వీడియోలు, కొరియర్‌లో రెండు పుస్తకాలు, ఇరవై మాక్ టెస్టులు, ఆరు నెలల వ్యాలిడిటీ, అన్నీ కలిపి 1,499 రూపాయలు. ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. ఆ మూడులో ఒకటిన్నర ఒకే ఒక్క మేడంకి.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఈ వయసులో టెట్ కోర్సు ఎందుకు కొన్నావని అడుగుతారు. 2003లో డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) ద్వారా ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా చేరాను. అప్పటికి టెట్ అనేదే లేదు. విద్యాహక్కు చట్టం వచ్చాక 2010లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) టెట్ తప్పనిసరి చేసింది, మన దగ్గర 2011లో మొదటిసారి పెట్టారు. అది కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళ తలనొప్పి, మనకెందుకులే అని ఇన్నాళ్ళు హాయిగా ఉన్నాం. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రిటైర్మెంటుకు ఐదేళ్ళకు మించి సర్వీసు ఉన్న టీచర్లు కూడా రెండేళ్ళలో టెట్ పాసవ్వాలన్నారు. ఆ రోజు మా స్టాఫ్ రూంలో టీ చల్లారిపోయినా ఎవరూ ముట్టుకోలేదు. నాకు 46 ఏళ్ళు. తప్పేదేముంది, కొన్నాను.

పేపర్-1లో 150 మార్కులకి 30 శిశు వికాసం, పెడగాజీ, అంటే పిల్లల సైకాలజీ, బోధనా పద్ధతులు. లెక్కలు, ఈవీఎస్, తెలుగు మేం రోజూ చెప్పేవే, కాస్త తిరగేస్తే సరిపోతుంది. భయం సైకాలజీతోనే. టీటీసీలో (టీచర్ ట్రైనింగ్‌లో) చదివిన దాంట్లో పియాజే పేరు, పావ్‌లోవ్ కుక్క తప్ప ఏమీ మిగల్లేదు. అందుకే ఒక్క సైకాలజీకే కోర్సు తీసుకున్నాను.

పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే క్లాసులు బాగున్నాయి. నైతిక వికాసం చెప్పిన కోల్‌బర్గ్ పర్లేదు. నేర్చుకోవడం మీద చేసిన ప్రయోగాలు, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ, ఎప్పటిలాగే ఉన్నాయి, జంతువులతో ఎవరూ పెద్దగా పొరపాట్లు చేయరు. పేచీ అంతా ఎరిక్‌సన్ మనో సాంఘిక వికాస సిద్ధాంతం దగ్గర వచ్చింది. పుట్టిన రోజు నుంచి పోయే దాకా మనిషి దాటే ఎనిమిది దశలు చెప్పిన సిద్ధాంతం అది. నిజం చెప్పాలంటే మొత్తం సిలబస్‌లో నాకు మనసుకు పట్టింది కూడా అదొక్కటే, అందుకే కోపం కూడా దాని మీదే ఎక్కువ.

మొదటి ఐదు దశలు ఒక సార్ చెప్పారు. ఆయనకి కోడ్ల పిచ్చి. దశల మొదటి అక్షరాలు తీసుకుని మొదటి నాలుగూ "నస్వచొశ్ర", చివరి నాలుగూ "గుసఉస" అన్నారు. నమ్మకం, స్వయంప్రతిపత్తి, చొరవ, శ్రమశీలత, ఆ తర్వాత గుర్తింపు, సన్నిహితత్వం, ఉత్పాదకత, సమగ్రత. గుసగుస అని గుర్తుపెట్టుకోండి, మధ్యలో గు బదులు ఉ వేసుకోండి అని ఆయన నవ్వి మమ్మల్నీ నవ్వించారు. ఒప్పుకోవాల్సిందే, పరీక్ష హాల్లో నాకు పనికొచ్చింది అదే. కానీ కోడ్ ఉంటే చాలు, దశ అర్థం కాకపోయినా పర్లేదన్నట్టు క్లాసు నడిచింది. 40 నిమిషాల వీడియోలో 12 నిమిషాలు కోడ్ బట్టీ పట్టించడానికే సరిపోయాయి, నేను టైం చూసుకున్నాను.

ప్రతి దశకీ మంచి మాటకి ఎదురుగా ఒక చెడు మాట ఉంటుంది, కోడ్‌లో మాత్రం మంచి మాటలే ఉన్నాయి కదా, ఆ ఎదురు మాటలు ఎప్పుడైనా కొంప ముంచుతాయని నాకు ముందే అనుమానం. ముంచాయి. మొదటి పుస్తకంలో పట్టిక చూడండి. ఆరో దశ సన్నిహితత్వానికి ఎదురుగా "స్తబ్ధత" అని, ఏడో దశ ఉత్పాదకతకి ఎదురుగా "ఏకాంతం" అని అచ్చేశారు. తారుమారు. సన్నిహితత్వం కుదరకపోతే వచ్చేది ఏకాంతం, ఉత్పాదకత కుదరకపోతే వచ్చేది స్తబ్ధత, మాట వింటేనే తెలిసిపోతుంది. సరే అచ్చుతప్పు అనుకున్నాను. మూడో మాక్ టెస్టులో అదే ప్రశ్న వచ్చింది, నేను సరైనది పెడితే తప్పు అని ఎర్ర గీత. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఒక కుర్రాడు "మేడం, కీ మా పుస్తకం ప్రకారమే ఉంటుంది" అన్నాడు. పుస్తకమే తప్పు బాబూ అంటే "నోట్ చేసుకున్నాం మేడం" అన్నాడు. ఆ నోట్ ఎక్కడ రాశాడో ఏమో, నా వ్యాలిడిటీ సగం అయ్యేదాకా ఆ కీ అలాగే ఉంది.

వయసుల గోల ఇంకోటి. గుర్తింపు దశ వీడియోలో 12 నుంచి 18, పుస్తకంలో 12 నుంచి 20. ఈ తేడా వేరే పుస్తకాల్లో కూడా ఉంటుంది, ఎందుకంటే ఆ హద్దులు మన డేట్ ఆఫ్ బర్త్ సర్టిఫికెట్ లాంటివి కావు, రమారమిగా చెప్పినవి. ఆ ఒక్క ముక్క సార్ చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పలేదు, కింద కామెంట్లలో పిల్లలు పద్దెనిమిదా ఇరవయ్యా అని కొట్టుకుంటున్నారు.

ఇవన్నీ చిన్నవి. అసలు తప్పు వేరే. సార్ బోర్డు మీద గీత గీసి, ఒక పక్క "విజయం" ఇంకో పక్క "వైఫల్యం" అని రాశారు. మొదటి ఏడాదిలో తల్లి సరిగ్గా చూసుకోకపోతే అపనమ్మకం, ఇక ఆ మనిషి జీవితంలో ఎవరినీ నమ్మడు, అంతే అన్నారు. ఎరిక్‌సన్ అలా చెప్పలేదు. ప్రతి దశలోనూ రెండు వైపులా లాగే ఒక క్లిష్ట పరిస్థితి ఉంటుంది, మంచి వైపు కాస్త ఎక్కువ మొగ్గితే చాలు అన్నాడు. అపనమ్మకం సున్నా అయిపోవాలని కాదు, కొంచెం ఉండి తీరాలి. అసలు అపనమ్మకమే లేని పిల్ల చాక్లెట్ చూపించిన వాడి వెనకాల వెళ్ళిపోదూ? పైగా ఒక దశలో తేలనిది తర్వాతి దశల్లో మళ్ళీ తలెత్తుతుంది, అప్పుడు సర్దుకునే అవకాశం కూడా ఉంటుంది. దశకి ఒక సమయం ఉంటుందన్నాడు గానీ, ఆ సమయం దాటితే తలుపు మూసేస్తారని అనలేదు. ఇంత తేడా ఉన్న విషయాన్ని పాస్, ఫెయిల్ కింద మార్చేశారు. టీచర్లు కాబోయేవాళ్ళకి చెప్పే మాటా అది? ఆరేళ్ళ పిల్లాడు క్లాసులోకి రాగానే వీడి మొదటి దశ పోయింది అని చేతులు దులుపుకోమనా?

మా బడిలో ఒకటో తరగతిలో ఒక బుడ్డోడు చేరాడు. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి వెళ్ళారు, వీడు ఏడాది నిండకముందు నుంచే నాయనమ్మ దగ్గర. జూన్, జూలై రెండు నెలలు నా చీర కొంగు వదల్లేదు. బోర్డు మీద రాయడానికి నేను లేస్తే వాడూ లేచేవాడు. నేను పక్క క్లాసుకి వెళ్తే గుమ్మం దగ్గర నిలబడి, వచ్చానో లేదో చూసుకునేవాడు. నేను చేసిందల్లా వెళ్ళేముందు "ఇంటర్వెల్ బెల్లుకి వస్తా" అని చెప్పడం, బెల్లుకి రావడం. సంక్రాంతి సెలవులకి ముందు హాజరు రిజిస్టర్ పట్టుకుని హెచ్.ఎం. గదికి ఒక్కడే వెళ్ళొచ్చాడు. సార్ చెప్పిన లెక్క ప్రకారం వాడు మొదటి దశలోనే ఫెయిల్. ఆ వీడియో చూస్తున్నంతసేపూ వాడే కళ్ళ ముందు మెదిలాడు.

నాలుగో దశలోనూ, ఆరు నుంచి ఎనిమిది దాకానూ ఇంకో మేడం వస్తారు. టీచర్లకి శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీలో లెక్చరరుగా చేసి రిటైరయ్యారట. కోడ్ లేదు, పీపీటీ లేదు, కుర్చీలో కూర్చుని మాట్లాడతారు. నాలుగో దశ ముందు సార్ చెప్పి వదిలేసిందే, ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. "శ్రమశీలత అన్న మాట విని కష్టపడటం అనుకోకండి, పిల్లాడికి నాకు పని వచ్చు అన్న ధీమా రావడం, అదీ సంగతి" అన్నారు. ఇరవై ఏళ్ళు బళ్ళో ఉండి కూడా నాకు ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు. ఆరు నుంచి పన్నెండు ఏళ్ళ మధ్య అంటే మా ప్రాథమిక పాఠశాల వయసంతా ఇదే. ఇంటిని దాటి మొదటిసారి పక్కవాడితో పోల్చుకునే వయసు. నువ్వు ఇంతే అని ఒక్కసారి నోరు జారితే అది ఎక్కడికి పోయి కూర్చుంటుందో ఆవిడ చెప్తుంటే నాకు నా నోరు గుర్తొచ్చింది.

నాలుగో తరగతిలో ఒకడు నేను దగ్గరికి వెళ్తే మోచెయ్యి వంచి నోటు పుస్తకం దాచేస్తాడు. అప్పు తెచ్చుకునే తీసివేతలు రావు. ఆ వీడియో విన్న వారం వాడికి మధ్యాహ్న భోజనం ప్లేట్ల లెక్క అప్పజెప్పాను. మొత్తం 43 మంది, ఇవాళ రానివాళ్ళు 8, ప్లేట్లు ఎన్ని కడగాలి? మొదటి రోజు వేళ్ళు, రెండో రోజు గోడ మీద సుద్దముక్క గీతలు. మూడో వారానికి ఆయాతోనే వాదనకి దిగాడు, మీరు రెండు ఎక్కువ తీశారని. నోటు పుస్తకం మాత్రం ఇప్పటికీ దాస్తున్నాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కాకపోతే ఆ మోచెయ్యి కొంచెం జరిగింది.

ఐదో దశ మళ్ళీ సార్. గుర్తింపు, పాత్ర సందిగ్ధం. ఉదాహరణగా ఎవరో అమెరికా కుర్రాడు జుట్టుకి రంగేసుకుని గిటారు పట్టుకున్న బొమ్మ చూపించారు. మన దగ్గర ఉదాహరణలకి కరువా? పదో తరగతి రిజల్ట్ వచ్చిన మర్నాడు ప్రతి ఇంట్లో జరిగేదే కదా ఆ దశ. ఎంపీసీయా, బైపీసీయా? ఎరిక్‌సన్ ఈ వయసుకి ఒక వెసులుబాటు కాలం కావాలన్నాడు, మారటోరియం అనే మాట వాడాడు, బ్యాంకు లోన్లకి వాయిదా ఇచ్చినట్టు. పిల్లలు ఇది అదీ ప్రయత్నించి, వద్దనుకుని, ఇంకోటి పట్టుకుని, చివరికి నేను ఇదీ అని తేల్చుకోవడానికి పెద్దవాళ్ళు ఇచ్చే గడువు. పొద్దున్న ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి లైట్లు ఆర్పే హాస్టళ్ళలో ఆ గడువు ఏ పీరియడ్‌లో ఇస్తారో మరి. ఈ సిద్ధాంతాన్నే తీసుకుని జేమ్స్ మార్షియా 1966లో ఒక ముక్క జోడించాడు. తను ఏమీ వెతుక్కోకుండానే పెద్దవాళ్ళు ఇచ్చినదాన్ని అలాగే తగిలించుకున్న గుర్తింపు కూడా ఒక రకం అని. తెలుగు ఇళ్ళకి కుట్టినట్టు సరిపోయే ఆ ముక్క కోర్సులో ఎక్కడా లేదు.

ఆ వీడియో చూస్తుండగా మా అమ్మాయి వెనక నిలబడి వింటోంది. బీటెక్ మూడో ఏడు. "అమ్మా, ఈ దశ నాకెప్పుడొచ్చింది? నాకు తెలీకుండానే అయిపోయిందా?" అని నవ్వింది. ఇంటర్ అప్లికేషన్ నింపింది వాళ్ళ నాన్న, పక్కన కూర్చుని అడ్రస్ చెప్పింది నేను. వీడియో పాజ్ చేసి కాఫీ పెట్టడానికి లేచాను.

ఎరిక్‌సన్ ఎవరో కూడా ఒక్క లైనుతో సరిపెట్టారు, అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త అని. పరీక్షకి అది చాలు. కానీ ఆయన కథ తెలిస్తే ఐదో దశ బట్టీ పట్టక్కర్లేదు, దానంతట అదే గుర్తుంటుంది. 1902లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. కన్నతండ్రి ఎవరో చివరిదాకా తెలియలేదు. తల్లి పిల్లల డాక్టరుని పెళ్ళి చేసుకుంటే ఆయన ఇంటిపేరు హోంబర్గర్ వచ్చింది. ఇంట్లోవాళ్ళు యూదులు, ఇతను మాత్రం పొడుగ్గా, బంగారు రంగు జుట్టు, నీలికళ్ళతో ఉండేసరికి యూదుల పిల్లలు నువ్వు మావాడివి కాదన్నారు, బళ్ళో జర్మన్ పిల్లలు నువ్వు యూదుడివి పొమ్మన్నారు. బొమ్మలు వేసుకుంటూ ఊళ్ళు తిరిగి, 1927లో వియన్నాలో ఒక చిన్న బడిలో టీచరుగా కుదిరాడు. అక్కడే సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ దగ్గర మనోవిశ్లేషణ నేర్చుకున్నాడు, మాంటిస్సోరి శిక్షణ కూడా తీసుకున్నాడు. 1933లో అమెరికా వెళ్ళి, 1939లో పౌరసత్వం వచ్చినప్పుడు ఎరిక్‌సన్ అని తన పేరు తనే పెట్టుకున్నాడు. గుర్తింపు గురించి ప్రపంచానికి చెప్పినవాడు ఇంటిపేరు సొంతంగా కట్టుకున్నవాడు! కాలేజీ డిగ్రీ లేకుండానే హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. మన నోటిఫికేషన్ ప్రకారం చూస్తే ఆయనకి టెట్ రాసే అర్హత కూడా లేదు, ఆయన మీద మాత్రం మనకి ప్రశ్నలు.

మన దేశానికీ వచ్చాడాయన. 1962లో అహ్మదాబాద్‌లో మానవ జీవిత దశల మీద సెమినారుకి వచ్చి, అక్కడ 1918 నాటి మిల్లు కార్మికుల సమ్మె, గాంధీ నిరాహారదీక్ష సంగతి పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చుని గాంధీ మీద పుస్తకం రాశాడు. దానికి 1970లో పులిట్జర్ బహుమతి వచ్చింది. మన బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్యాసం కూడా ఆయన దృష్టిలో ఉన్నాయి. ఆశ్రమ ధర్మాలు చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్ళకి ఈ ఎనిమిది దశలు చెప్పడం ఎంత సులువు. సార్ ఆ దారికి రాలేదు, మేడం ఏడో దశలో ఒక్క మాటలో తాకి వెళ్ళారు.

ఆ ఏడో దశ నాది. పుస్తకాల్లో "ఉత్పాదకత" అని అనువదించారు. ఎకరానికి ఎన్ని బస్తాలు అన్నట్టు ఉంటుంది ఆ మాట. అసలు విషయం తర్వాతి తరం బాగోగులు పట్టించుకోవడం. కన్నవాళ్ళే కానక్కర్లేదు, చెట్టు నాటినా, పని నేర్పినా, పాఠం చెప్పినా అదే. అది లేనివాళ్ళు తమ చుట్టూ తామే తిరుగుతూ ఆగిపోతారు, అదీ స్తబ్ధత. మేడం ఇదంతా పదిహేను నిమిషాల్లో చెప్పేసి, "ఇప్పుడీ క్లాసు వింటున్న మీలో నలభై దాటిన టీచర్లు ఉంటే, మీకిది అవమానం అనిపిస్తోంది కదూ" అన్నారు. ఫోన్‌లోంచి నన్నే చూసి అడిగినట్టయింది. అనిపించింది, ఎందుకు అనిపించదు? ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పాక నీకు పాఠం చెప్పడం వచ్చా అని కంప్యూటర్ ముందు కూర్చోబెడితే! పరీక్ష సెంటర్లో లైన్లో నిలబడితే ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి "టీచర్, మీరా!" అంది. మూడో తరగతిలో నా దగ్గర చదివింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అది మాత్రం నా చేతిలో హాల్ టికెట్ తీసుకుని చూసి, "నా పక్క వరసే, టెన్షన్ పడకండి టీచర్, మౌస్ పనిచేయకపోతే చెయ్యెత్తండి, మారుస్తారు" అని నాకు పాఠం చెప్పింది. సిగ్గు కాస్తా అక్కడే పోయింది.

సిద్ధాంతంలో ఉన్న లోపాల గురించి కోర్సులో రెండు లైన్లు ఉన్నాయి, ప్రయోగాలతో నిరూపించడం కష్టమని, మగవాళ్ళ జీవితాలే ఎక్కువగా దృష్టిలో ఉన్నాయని. ఇంకొంచెం చెప్పొచ్చు, సరే వదిలేద్దాం. ఎరిక్‌సన్ 1994లో పోయాక ఆయన భార్య జోన్ తొమ్మిదో దశ కలిపారు, ఎనభై తొంభై ఏళ్ళ వాళ్ళ కోసం. అదీ లేదు, సిలబస్‌లో ఎనిమిదే కాబట్టి దానికి మార్కులు తగ్గించను.

సర్వీసు సంగతి క్లుప్తంగా. పుస్తకాలు వారం అన్నారు, 19 రోజులకి వచ్చాయి. వీడియో డౌన్‌లోడ్ అవ్వదు, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్ళకి రెండు క్లాసులయ్యేసరికి నెట్ అయిపోతుంది. స్పీడు పెంచుకోవచ్చు, సార్ క్లాసులు ఒకటిన్నర స్పీడులో, మేడం క్లాసులు మామూలుగా విన్నాను. రిఫండ్ లేదు. మాక్ టెస్టుల్లో పియాజే, బోధనా పద్ధతుల ప్రశ్నలు బాగున్నాయి, అసలు పరీక్ష స్థాయికి దగ్గరగా.

కొనొచ్చా అంటే, పరీక్షకి రెండు నెలల టైం ఉండి, సైకాలజీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన వాళ్ళు ఇలాంటిది కొనొచ్చు. నాకు 30కి 25 వచ్చాయి, క్వాలిఫై అయ్యాను. డీఎడ్ (టీచర్ ట్రైనింగ్ డిప్లొమా) ఈమధ్యే పూర్తి చేసినవాళ్ళకి మాత్రం దండగ, తెలుగు అకాడమీ పుస్తకం, పాత పేపర్లు చాలు. కొన్నాక మొదట చేయాల్సిన పని పుస్తకంలో ఆ పట్టికలో ఆరు, ఏడు దశల దగ్గర పెన్నుతో దిద్దుకోవడం. "విజయం, వైఫల్యం" అన్న రెండు మాటలు కూడా కొట్టేయండి.

నా వ్యాలిడిటీ ఇంకా ఏడు వారాలుంది. పరీక్ష అయిపోయింది కదా యాప్ తీసేద్దామనుకుంటే మా అమ్మ ఒప్పుకోలేదు. 74 ఏళ్ళావిడకి. వంటింట్లో నేను చివరి దశ క్లాసు పెట్టుకుంటే పక్కన చిక్కుడుకాయలు గిల్లుతూ వింది. గడిచిన బతుకుని తిరిగి చూసుకుని ఇది నాదే అనుకోగలగడం సమగ్రత, అయ్యో ఇంకోలా చేసుండాల్సింది అని కుమిలిపోవడం నైరాశ్యం అని మేడం చెప్తుంటే మధ్యలో అందుకుంది, కాలువ పక్క ఎకరం మా నాన్న అమ్మేసిన సంగతి. పాతికేళ్ళుగా వింటున్నదే. వీడియో ఆపి మొత్తం చెప్పనిచ్చాను. అయ్యాక "ఆ డబ్బుతోనేగా నిన్ను టీటీసీ చదివించింది" అంది. ఈ ముక్క ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత గిన్నె పక్కన పెట్టి, "మళ్ళీ మొదట్నించి పెట్టు, ఆవిడ గొంతు బాగుంది" అంది.